నడి చెరువులో బోటు ఆగితే

(రేడియో కంట్రోల్ మోడల్ బోట్ల పోటీకి ముందు రోజు సాయంత్రం కడపలో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో సగం మందికి ఇంకా సోల్డరింగ్ పని మిగిలే ఉందని తెలుసు. చేతులకు గ్రీజు మరకలతోనే వచ్చి కూర్చున్నారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోను. రేపు మీ బోట్లలో కొన్ని నడి చెరువులో ఆగిపోతాయి. కొన్ని బోల్తా కొడతాయి. ఒకటో రెండో మునిగినా మునగొచ్చు. ఇలా అంటున్నానని బాధపడకండి. దిగిన బోట్లన్నీ వాటంతట అవే గట్టుకు చేరిన పోటీని నేనింతవరకు చూడలేదు. మిమ్మల్ని కోరేది ఒక్కటే. బోటు ఆగిపోతే ఏం చేయాలన్నది బోటును నీళ్లలో దించకముందే తేల్చుకోండి. ఆగాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి టెన్షన్‌లో బుర్ర పనిచేయదు. వెనక నుంచి స్నేహితులు అరుస్తుంటారు, పక్క బోట్లు దూసుకుపోతుంటాయి, చేతిలో రిమోట్ ఉన్నా మాట వినదు. అలాంటప్పుడు తోచిన పని చేయడం వల్లే చిన్న నష్టం పెద్దదవుతుంది.

బోటు ఆగగానే గట్టు మీద మొదట వినపడే మాట "మన టైం బాగాలేదురా" అని. ఆ మాట అన్నవాళ్ల మీద నాకేమీ కోపం లేదు. నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని, ఇంట్లో వాళ్లతో మాటలు పడి, పాకెట్ మనీ అంతా మోటారుకూ బ్యాటరీకీ పోసి చేసిన బోటు మొదటి చుట్టులోనే ఆగిపోతే ఎవరికైనా కడుపులో దేవినట్టే ఉంటుంది. నా బాధ వేరే ఉంది. టైం బాగాలేదని అనుకున్నాక ఇక ఎవరూ బోటు విప్పి వెతకరు. అదే బోటు మరుసటి ఏడాది అదే కారణంతో అదే చోట ఆగుతుంది. దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు కడతామంటే కట్టుకోండి, పెద్దవాళ్ల మనసూ కుదుటపడుతుంది. కాకపోతే సామాను పెట్టెకు కట్టండి. బోటు ముక్కుకు కడితే అక్కడ బరువు మారుతుంది. ఆ బరువు ఏం చేస్తుందో కాసేపట్లో చెబుతాను.

మన జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసి ఉంది. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది ఇంకొకటి. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు చెప్పి, ఉండకూడని 6 దోషాలను కూడా అదే రాతి మీద చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. అంత పెద్ద చెరువు పూర్తయిన సంతోషంలో కూడా ఏమేం చెడే అవకాశం ఉందో రాయించి పెట్టారు. మీరందరూ ఇంజనీర్లు కాబోతున్నారు, మీకంటే ఆరున్నర శతాబ్దాల ముందు ఇదే నేల మీద ఇంజనీర్లు పని చేసిన పద్ధతి ఇది. ఆ నాలుగో దోషం ఉంది చూశారా, నడుమ మిట్ట, అది రేపు మీకు సూటిగా తగులుతుంది. ఎండాకాలం దగ్గర పడి నీరు తగ్గాక మిట్ట పైకి కనపడదు, జానెడు లోతులో ఉంటుంది. వేగంగా వచ్చిన బోటు రడ్డర్, అంటే చుక్కాని, దానికి తగిలి బ్రాకెట్‌తో సహా ఊడి వచ్చేస్తుంది. చెరువులో ఎక్కడ ఏముందో ఇంటర్నెట్‌లో దొరకదు. రోజూ అందులో వల వేసే మనిషిని అడగాలి.

వల అన్నాను కాబట్టి ఒక సంగతి కాస్త వివరంగా చెబుతాను. కర్నూలు వైపు ఒక చెరువులో పోటీ పెట్టారు. ఒక జట్టు బోటు చక్కగా రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో, దారికి గుర్తుగా దూరంగా నీళ్ల మీద తేలుతున్న బోయా దగ్గర నిలబడిపోయింది. రిమోట్ పట్టుకున్న అబ్బాయి ట్రిగ్గర్ నొక్కుతూనే ఉన్నాడు. "రేడియో పోయింది సార్, సిగ్నల్ లేదు" అన్నాడు. గట్టు మీద అందరూ రేడియో మీదే తీర్మానం చేశారు. కొత్త రేడియో ఏది కొనాలన్న చర్చ కూడా మొదలైంది. ఇంతలో పుట్టి వేసుకుని వెళ్లిన పెద్దాయన బోటు తెచ్చి మా చేతికిచ్చాడు.

ముందు ఏ స్విచ్చూ ముట్టుకోవద్దని చెప్పి, బోటును వెల్లకిలా తిప్పి చూశాం. ప్రొపెల్లర్ శుభ్రంగా మెరుస్తోంది. వేలితో తిప్పితే మాత్రం కదలడం లేదు. ప్రొపెల్లర్‌కూ దాన్ని మోసే స్ట్రట్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది కదా, అందులోంచి తెల్లటి పోగు ఒకటి గోరంత బయటికి కనిపించింది. చేపల వల నైలాన్ దారం. టార్చ్ వేసి బ్లేడు మొనతో ఒక్కో చుట్టూ కోస్తూ పోయాం. పై చుట్లు దారంలాగే ఊడి వచ్చాయి. లోపలి చుట్లు రాపిడి వేడికి కరిగి, మళ్లీ గట్టిపడి, షాఫ్ట్ మీద ప్లాస్టిక్ ఉంగరంలా అతుక్కుపోయాయి. అప్పుడు మూత తీశాం. లోపల ఒక్క చుక్క నీరు లేదు, రిసీవర్ మీద లైటు ఇంకా వెలుగుతోంది. అంటే రేడియోకు ఏమీ కాలేదు. స్పీడ్ కంట్రోలర్, మనం ఈఎస్‌సీ అంటాం, దాని దగ్గర మాత్రం మాడిన వాసన వస్తోంది.

జరిగింది ఇది. వల పోగు చుట్టుకుని షాఫ్ట్ బిగుసుకుంది. తిరగలేని మోటారు కరెంటును విపరీతంగా లాగుతుంది. ఆ అబ్బాయి కంగారులో ట్రిగ్గర్ వదలకపోవడంతో ఆ కరెంటంతా ఈఎస్‌సీ మీద పడి మాడిపోయింది. వల చుట్టుకోవడం అతని చేతుల్లో లేదు. నిజంగా దురదృష్టం అనదగ్గది అదొక్కటే, దాని ఖరీదు ఒక బ్లేడు, పావుగంట సమయం. ఈఎస్‌సీ పోవడానికి కారణం ఆ తర్వాత సెకన్లలో ఉంది. కాబట్టి బోటు కదలకపోతే ముందు వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయండి. రేపు నేను గట్టు మీద నిలబడి ఇదే అరుస్తాను, విసుక్కోవద్దు.

గుర్రపు డెక్క వేళ్లు, నాచు, నీళ్లలో మునిగిన సర్కారు తుమ్మ కొమ్మలు, పూజ చేసి వదిలిన పూలదండల దారాలు, ఇవన్నీ ఇదే పని చేస్తాయి. కొన్నిసార్లు నాచు ప్రొపెల్లర్‌కు కాకుండా చల్లనీళ్లు లోపలికి తీసుకునే సన్న గొట్టానికి అడ్డం పడుతుంది. బోటు అప్పుడు ఆగదు, చక్కగానే పరుగెడుతుంది, లోపల మోటారు, ఈఎస్‌సీ వేడెక్కిపోతుంటాయి. పరుగెడుతున్నంతసేపూ బోటు పక్క నుంచి నీళ్లు పిచికారీ కొట్టాలి. అది చూడడం నడిపేవాడి వల్ల కాదు, పక్కన నిలబడ్డ సహాయకుడే చూడాలి. పిచికారీ ఆగితే బోటు వెంటనే గట్టుకు.

ఇక షాఫ్ట్. షాఫ్ట్‌గా ఫ్లెక్స్ కేబుల్, అంటే వంగే తీగ, వాడేవాళ్లు స్ట్రట్‌కూ దాని వెనక ప్రొపెల్లర్‌ను పట్టి తిప్పే బిళ్లకూ, అంటే డాగ్‌కూ మధ్య 3, 4 మిల్లీమీటర్ల సందు వదిలారా లేదా ఈ రాత్రే చూసుకోండి. పూర్తి లోడులో కేబుల్ మెలితిరిగి కాస్త పొట్టిదవుతుంది. సందు లేకపోతే డాగ్ వచ్చి స్ట్రట్‌కు ఒరుసుకుంటుంది. మోటారును షాఫ్ట్‌తో కలిపే కప్లర్ గ్రబ్ స్క్రూలు వదులు కాకుండా లాక్‌టైట్ జిగురు వేయండి. గ్రీజు ప్రతి రెండు మూడు పరుగులకూ కొత్తది పెట్టండి, అది కేబుల్‌ను కాపాడడమే కాకుండా గొట్టం గుండా నీరు లోపలికి రాకుండా కూడా ఆపుతుంది.

రేడియో సంగతికి వద్దాం, ఎందుకంటే తప్పు లేకపోయినా నిందలు మోసేది అదే. రేడియో తరంగాలతో పడవను నడిపి జనానికి చూపించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీళ్ల తొట్టిలో. అదే ఏడాది నవంబర్ 8న పేటెంట్ కూడా వచ్చింది, నంబరు 613,809. వేరేవాళ్ల తరంగం అడ్డొస్తే ఎలా అన్న చింత ఆయనకూ ఉండేది. ఒకటి కంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలు కలిస్తేనే యంత్రం పలికే పద్ధతికి 1903లో ఆయనకు పేటెంట్లు వచ్చాయి. అంటే ఈ ఆట పుట్టినప్పటి నుంచి ఈ గొడవ ఉంది.

మీలో కొందరు బొమ్మల దుకాణం రిమోట్లు విప్పి వాడుతున్నారు. తప్పేమీ లేదు, నేర్చుకోవడానికి అంత మంచి దారి ఇంకోటి లేదు. కానీ అవి 27 మెగాహెర్ట్జ్ లాంటి ఒకే ఫ్రీక్వెన్సీలో కూర్చుంటాయి. ఇద్దరు ఒకేసారి ఆన్ చేస్తే ఒకరి బోటు ఇంకొకరి మాట వింటుంది. గట్టు మీద ఒక అట్టముక్కకు ఫ్రీక్వెన్సీకి ఒకటి చొప్పున బట్టల క్లిప్పులు పెడుతున్నాం. మీ ఫ్రీక్వెన్సీ క్లిప్పు మీ చేతిలో ఉంటేనే రిమోట్ ఆన్ చేయాలి. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్స్ రిమోట్లలో వాడిన కాలంలో ప్రపంచమంతా ఇలాగే నడిపేవారు.

2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వాడేవాళ్లకు ఆ తంటా లేదు. మన దేశంలో ఆ బ్యాండుకు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. రిసీవర్ దాని రిమోట్‌తోనే బైండ్ అయి, అంటే జతపడి, ఉంటుంది కాబట్టి పక్కవాడి సిగ్నల్‌ను లెక్కచేయదు. దీని శత్రువు నీళ్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు బాగా పీల్చేస్తుంది. తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 31 మిల్లీమీటర్లు. రిసీవర్ వైరు చివర పైతొడుగు తీసేసి ఉన్న ముక్క పొడవు అంతే ఉంటుంది, సిగ్నల్ పట్టేది ఆ ముక్కే. దాన్ని బోటు అడుగున బ్యాటరీ పక్కన పడుకోబెడితే, బోటు నీళ్లలో కూర్చోగానే ఆ ముక్క నీటి మట్టం కిందికి పోతుంది. గదిలో, బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసిన బోటు చెరువులో యాభై మీటర్లకే మొరాయించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఒక జ్యూస్ స్ట్రా తీసుకుని డెక్ మీద నిలబెట్టి యాంటెనాను అందులోంచి పైకి పంపండి. కార్బన్ ఫైబర్ బాడీ అయితే యాంటెనా తప్పనిసరిగా బయటికే రావాలి, కార్బన్ సిగ్నల్‌ను లోపలికి రానివ్వదు.

అన్నీ సరిగ్గా చేసినా సిగ్నల్ పోయే సందర్భాలు ఉంటాయి. బోటు తిరగబడితే యాంటెనా నీళ్లలోకి పోతుంది. అందుకే ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ పోగానే మోటారు ఆగిపోవాలి. రేపు పొద్దున ప్రతి బోటుకూ ఈ పరీక్ష ఉంటుంది. ఒకరు బోటును గట్టిగా పట్టుకుంటారు, ప్రొపెల్లర్ దగ్గర ఎవరి వేళ్లూ ఉండవు, మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా రిమోట్ ఆఫ్ చేస్తాం. మోటారు ఆగకపోతే ఆ బోటు పోటీలో ఉండదు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర బతిమాలడాలు పనిచేయవు. ఎందుకో లెక్క చెబుతాను. గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. రెండు కిలోల బోటు ఆ వేగంతో గట్టు మీద ఉన్న పిల్లవాడి కాలికి తగిలితే, అంతే బరువున్న వస్తువు మూడంతస్తుల మేడ మీద నుంచి పడినంత దెబ్బ. పైగా దాని వెనక నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగే, సానపట్టిన ప్రొపెల్లర్ ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత బోటు. ఆపేటప్పుడు ముందు బోటు, తర్వాత రిమోట్. ఈ వరుస చేతికి అలవాటైపోవాలి.

ఇప్పుడు నిమ్మకాయ బరువు దగ్గరికి వస్తాను. రెండు పొట్టల కాటమరాన్లు, నీటి పైపైన జారే హైడ్రోప్లేన్లు వేగం అందుకున్నాక నీటిని తాకేది చాలా తక్కువ. బాడీ కిందికి దూరిన గాలి వాటిని పైకి లేపి పెడుతుంది. వేగం రావడానికి కారణం అదే, ప్రమాదం రావడానికి కారణం కూడా అదే. ముక్కు కాస్త లేవగానే కింద గాలికి దొరికే చోటు పెరుగుతుంది. దాంతో ముక్కు ఇంకా లేస్తుంది. ఒక హద్దు దాటాక బోటు వెనక్కి పల్టీ కొట్టి తలకిందులుగా పడుతుంది. ఇదంతా అర సెకను పని, కంటికి కనపడి వేలు కదిలేలోపు అయిపోతుంది. దీన్ని ఆపాల్సింది ముందే, బరువు సర్దుబాటులో. బ్యాటరీని వెల్క్రో మీద ఒక సెంటీమీటరు ముందుకు జరిపినా బోటు నడక మారిపోతుంది. మరీ ముందుకు తెస్తే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. అందుకే నిమ్మకాయ వద్దన్నాను.

గాలి దిశ కూడా చూసుకోవాలి. బోటు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలి 20 ఉంటే, బోటుకు తగిలే గాలి 80. పైకి ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఒకే బోటు, ఒకే ట్రిగ్గర్, పోయేటప్పుడు బుద్ధిగా పోయి, గాలికి ఎదురు తిరిగి వచ్చేటప్పుడు గాల్లోకి లేస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటే మన సీమలో గాలి ఎంతుంటుందో తెలుసు కదా. నైరుతి వచ్చిన నెలల్లో మధ్యాహ్నం పూట పోటీలు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పోటీ పొద్దున్నే అంటే నిద్ర చాలదని గొణుక్కున్న వాళ్లకు ఇదీ కారణం.

పెద్ద బోట్లకూ ఈ న్యాయమే. ఇంగ్లండ్‌లో డొనాల్డ్ క్యాంప్‌బెల్ అని ఉండేవాడు. నీటి మీద వేగంలో ప్రపంచ రికార్డులు మళ్లీ మళ్లీ తనే బద్దలు కొట్టిన మనిషి. 1967 జనవరి 4న కోనిస్టన్ వాటర్ అనే సరస్సులో బ్లూబర్డ్ కే7 అనే జెట్ బోటులో గంటకు 300 మైళ్లు దాటాలని బయల్దేరాడు. రికార్డుకు రెండు వైపులా పరుగు తీసి సగటు కట్టాలి. మొదటి పరుగు 300కు కొద్దిలో తగ్గింది. ఆయన ఇంధనం నింపుకోవడానికి ఆగకుండా వెంటనే వెనుదిరిగాడు. ఆ రెండో పరుగులో 300 దాటిన వేగంతో ఉండగా ముక్కు లేచి, బోటు గాల్లో పల్టీ కొట్టింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. బోటును సరస్సు అడుగు నుంచి తీసింది 2001లో. మొదటి పరుగు లేపిన అలల పాత్ర ఎంత, ఇంజన్ శక్తి తగ్గడం పాత్ర ఎంత అని ఇంజనీర్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత 1978 అక్టోబర్ 8న ఆస్ట్రేలియాలో కెన్ వార్బీ గంటకు 511 కిలోమీటర్లు దాటించాడు. ఆ బోటును ఆయన తన ఇంటి పెరట్లో కట్టుకున్నాడు. మీలో హాస్టల్ వరండాలో బోటు కట్టేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. మా బోటు చిన్నది, మాకేమవుతుంది అనుకోవద్దు. గాలి, నీరు, బరువు చిన్న బోటుకు వేరే సూత్రం పెట్టవు. మీ బోటు లేపిన అలల్లోకి మీరే పూర్తి వేగంతో తిరిగి వెళ్లకండి, కాస్త బయటి నుంచి రండి.

పోటీ నియమాలు చిన్నవి. బోయాల చుట్టూ గడియారం ముల్లు దిశలో, అన్నీ కుడి మలుపులు. మలుపులో బోటు పక్కకు జారకుండా పట్టే రెక్క, అంటే టర్న్ ఫిన్, కుడి వైపు ఉండాలి. ఎవరి బోటు ఆగినా సహాయకుడు గట్టిగా "ఆగింది, రెండో బోయా దగ్గర ఆగింది" అని చోటు చెప్పి అరవాలి. మిగతావాళ్లు అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గించాలి. ఆగిన బోటును గుద్దినవాడు ఆ రౌండుకు బయటికే. మోడల్ షిప్పుల ప్రపంచ సంస్థ నావిగా 1959 నుంచి ఉంది. వాళ్ల పోటీల్లో అరగంట పాటు ఆగకుండా సాగే ఎండ్యూరెన్స్ రేసులు ఉన్నాయి, ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లది గెలుపు. మనం రేపు పది నిమిషాలు పెట్టుకున్నాం. పది నిమిషాలు ఆగకుండా తిరిగిన మామూలు బోటు, మూడు నిమిషాలకు మాడిపోయిన రాకెట్ మీద గెలుస్తుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చిన మాట.

అనంతపురం దగ్గర ఒక చెరువులో సాధన చేస్తున్నాం. ఒక బోటు ఆగిపోయి, గాలికి నెమ్మదిగా కొట్టుకుపోయి, అవతలి ఒడ్డున తుమ్మచెట్ల పక్కకు చేరింది. ఒడ్డు నుంచి పట్టుమని పదడుగులు లేదు. నీళ్లు ఎర్రగా, ప్రశాంతంగా ఉన్నాయి. ఆ బోటు అబ్బాయికి ఈత వచ్చు. ప్యాంటు మడిచి దిగబోయాడు. పక్కనే బర్రెలు కడుగుతున్న ఒకాయన "నాయనా, దిగొద్దు, ఆడ గుంత ఉండాది" అని కేక వేశాడు. నేను వెళ్లి ఆ అబ్బాయి చొక్కా పట్టుకుని ఆపాను. "మోకాలి లోతే కదా సార్" అంటాడు. ఆ పెద్దాయన తన చేతిలో ఉన్న వెదురు గడ తీసుకొచ్చి, ఒడ్డు నుంచి రెండడుగుల అవతల నిలువుగా దించాడు. గడ దిగుతూనే పోయింది. ఆయన మోచెయ్యి నీళ్లను తాకేదాకా దిగింది, అడుగు తగల్లేదు. "ఇటుకల బట్టీకి మట్టి తవ్వినారు సార్. జేసీబీ పెట్టి తవ్వినారు. నీళ్లొచ్చినాక ఏముంది, ఏం కనపడదు" అన్నాడు.

మన సీమ చెరువులు ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి. ఎండినప్పుడు మట్టి కోసం ఇష్టమొచ్చినచోట తవ్వుతారు. ఆ గుంతల అంచులు మెట్టులా నిట్టనిలువుగా ఉంటాయి. ఒక అడుగు మోకాలి లోతు, పక్క అడుగు రెండు నిలువుల లోతు. అడుగున బురద కాలు పట్టేస్తుంది. పైన తుమ్మకంప బట్టలకు చిక్కుకుంటుంది. కొత్తగా నీళ్లొచ్చిన ప్రతి ఏడాదీ మన పత్రికల జిల్లా పేజీల్లో చెరువులో పడి చనిపోయిన పిల్లల వార్తలు వస్తుంటాయి. చాలాసార్లు ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోతారు. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు మీ ముఖాలు గుర్తొస్తాయి. ఈత వచ్చిన వాళ్లకే నేను ఎక్కువ భయపడతాను, ఎందుకంటే దిగే ధైర్యం వాళ్లకే ఉంటుంది.

బోటు ఎంత ఖరీదైనా సరే, దాని కోసం ఎవరూ నీళ్లలో దిగరు. లైఫ్ జాకెట్ వేసుకుని పుట్టిలో వెళ్లేవాళ్లే వెళ్తారు. పుట్టి ఇంకెక్కడో ఉంటే ఆగుదాం. గాలి ఆ బోటును ఏదో ఒక ఒడ్డుకు చేరుస్తుంది, గంట పడితే పట్టనివ్వండి. ఇంకో పద్ధతి కూడా ఉంది. చేపలు పట్టే రాడ్డుకు గట్టి దారం, చివర టెన్నిస్ బంతి కట్టండి. బంతిని బోటు మీదికి విసరకుండా బోటును దాటించి అవతల పడేలా విసరాలి. తర్వాత దారాన్ని బోటు మీదుగా మెల్లగా లాక్కుంటే, బంతి వచ్చి బోటుకు తగులుకుని దాన్ని ఒడ్డుకు తోసుకొస్తుంది. రేపు రెండు రాడ్లు సిద్ధంగా ఉంచుతున్నాం. ఇంకో బోటుతో ఆగిన బోటును తోసుకొద్దామని మాత్రం అనుకోవద్దు, ఎక్కువసార్లు రెండూ అక్కడే ఉండిపోతాయి.

ఇలా ఓపిక పట్టాలంటే బోటు మునగకూడదు కదా. దానికి పరీక్ష ఈ రాత్రే చేసుకోండి. ఇంట్లో నీళ్ల తొట్టి ఉంటుంది, హాస్టల్‌లో డ్రమ్ము ఉంటుంది. బ్యాటరీ, రేడియో తీసేసి, వాటంత బరువు ఇసుక సంచి లోపల కట్టి, మూత తెరిచి బోటును నీళ్లలో నొక్కేయండి. నిండా నీళ్లు పట్టాక కూడా ముక్కు పైకి కనపడుతోందా? కనపడకపోతే ముక్కులోనూ పక్కల్లోనూ థర్మకోల్ గానీ ఫోమ్ గొట్టం గానీ కూరండి. ఒక లీటరు ఫోమ్ దాదాపు ఒక కిలో బరువును నీటి మీద నిలబెడుతుంది. మూత చుట్టూ టేపు వేసేటప్పుడు తడి, గ్రీజు పూర్తిగా తుడిచి వేయండి. బోటు అడుగున మీ ఫోన్ నంబరు రాసి పెట్టండి, గాలికి పోయిన బోటు ఏ రైతుకు దొరికినా ఫోన్ చేస్తాడు.

బోటు ఒడ్డుకు చేరాక కూడా ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది, బ్యాటరీ. లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, సెల్ ఒక్కోటి నిండితే 4.2 వోల్టులు, మామూలుగా 3.7, మూడు కంటే కిందికి దించితే పాడవుతుంది. దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. దెబ్బ తగిలిన, ఉబ్బిన, నీళ్లలో నానిన బ్యాటరీ వెంటనే ఏమీ అనదు. అరగంట తర్వాత బ్యాగులో అంటుకోవచ్చు. గట్టు మీద ఇసుక బకెట్లు పెడుతున్నాం. అలాంటి బ్యాటరీ ఏదైనా ముందు ఆ బకెట్లోకి పోవాలి, మనుషులకు దూరంగా, ఆరుబయట. కారులో పెట్టి అద్దాలు ఎక్కించి వెళ్లిపోకండి. మన కడప ఎండలో మూసిన కారు లోపలి వేడి బాగున్న బ్యాటరీకే మంచిది కాదు. వేడిగా ఉన్న బ్యాటరీని చల్లారకుండా ఛార్జింగ్ పెట్టకండి. ఛార్జ్ అవుతున్నంతసేపు జట్టులో ఒకరు పక్కనే కూర్చోవాలి. హాస్టల్ మంచం మీద ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడమనేది అసలు ఉండకూడదు.

ప్రతి జట్టుకూ ఒక చిన్న నోటుబుక్కు ఇస్తున్నాం. బోటు ఆగిన ప్రతిసారీ విప్పకముందే అందులో రాయండి. ఎక్కడ ఆగింది, గాలి ఎటు ఉంది, ప్రొపెల్లర్ వేలితో తిరిగిందా, లోపల నీళ్లున్నాయా, లైటు వెలుగుతోందా, మోటారు చేతికి ఎంత వేడిగా తగిలింది. ఫోటో కూడా తీయండి. సాయంత్రం ఆ నోటుబుక్కులన్నీ ఒకచోట పెట్టి చదువుదాం. గెలిచిన బోటు కంటే ఆగిపోయిన బోట్ల పుస్తకాలే నాకు ముందు కావాలి. వచ్చే ఏడాది పోటీకి వచ్చే జూనియర్లకు వాటి జిరాక్సులు ఇస్తాం.

రేపటి ఏర్పాట్లు చెప్పి ముగిస్తాను. ఆరు గంటలకల్లా చెరువు కట్ట మీద ఉండండి. ఆరున్నర దాకా ఫెయిల్‌సేఫ్ పరీక్షలు. చెరువులో వల ఎక్కడ వేశారో, మిట్టలు ఎక్కడున్నాయో, గుంతలు ఎక్కడున్నాయో చేపల కాంట్రాక్టు వాళ్లు వచ్చి చూపిస్తారు, దాన్ని బట్టి బోయాలు వేస్తాం. పుట్టి ఏడు గంటలకు వస్తుంది. లైఫ్ జాకెట్లు రెండు వచ్చాయి, ఇంకో రెండు రాత్రికి వస్తాయి. పుట్టి వచ్చేదాకా ఏ బోటూ నీళ్లలో దిగదు. చూడడానికి వచ్చే తమ్ముళ్లను, చెల్లెళ్లను తాడు ఇవతలే కూర్చోబెట్టండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి బోటు చేతిలో పట్టుకుని నిలబడింది. ఇటు తీసుకురామ్మా, యాంటెనా ఎక్కడ పెట్టావో చూద్దాం.